“నాకు రాదు సార్” అనే పిల్లలతోని గ్రౌండ్‌ల ఎట్ల పనిచేయాలె

పోయిన ఎండాకాలం క్యాంప్‌ల ఒక ఏడో తరగతి పిల్ల కబడ్డీ కోర్టు ఎడమ కార్నర్‌ల నిలబడ్డది, రెయిడర్ కాలు సాపినప్పుడల్లా కండ్లు మూసుకుని నడుముకాడ వంగుతుంది, చేతికి చీలమండ దొరుకుతలేదు, ఐదారు సార్లు గట్లనే అయినంక లేచి మోకాళ్ళ మన్ను దులుపుకుని “సార్, నాకు యాంకిల్ హోల్డ్ రాదు సార్, నన్ను వేరేకాడ పెట్టుండ్రి” అన్నది. నల్లగొండ దిక్కు హైస్కూల్ పిల్లలకు కబడ్డీ, ఖో-ఖో, కొంచెం అథ్లెటిక్స్ నేర్పబట్టి నాకు పదకొండేండ్లు, ఈ “రాదు సార్” అనే మాట వినకుంట ఒక్క క్యాంప్ కూడ గడవలే. మొదట్ల నేను “ఎందుకు రాదు, వస్తది, ట్రై చెయ్” అని గట్టిగ అరిచేటోణ్ణి, అట్ల అరిస్తె ఎవ్వరికీ ఏమీ రాలే.

మన తెలుగుల “రాదు” అంటె ఇయ్యాల రాదు, రేపు రాదు, ఎప్పటికీ రాదు, అన్నీ ఆ ఒక్క మాటల్నే ఉన్నయ్. “ఇంకా వస్తలేదు” అంటె అది ఇయ్యాల్టి ముచ్చట మాత్రమే. గ్రోత్ మైండ్‌సెట్ (ఇయ్యాల రాకున్నా నేర్చుకుంటె వస్తదనే నమ్మకం) అని పెద్దగ చెప్తరు కద, గ్రౌండ్‌ల చూస్తె ఈ రెండు మాటల నడుమ ఉన్న తేడానే అది. పిల్లలకు లెక్చర్ ఇచ్చి ఈ తేడా నేర్పుడు అయ్యే పని కాదు, కోచ్ నోటి మాట, ప్రాక్టీస్ పెట్టే తీరు, సెలక్షన్ చేసే తీరు, ఈ మూడు మారితెనే పిల్లల తలకాయల మారుతది. అందుకే ఈ రాసేదంత పిల్లలు ఏం చేయాలె అని కాదు, పీఈటీ సార్లు, మేడమ్‌లు, ఊర్ల పొద్దుగాల పిల్లల్ని ఉరికిచ్చే అన్నలు, అక్కలు ఏం చేయాలె అన్నది.

ముందు మన నోటికాన్నుంచి

ఈ గ్రోత్ మైండ్‌సెట్ అనే ఆలోచనను బయటికి తెచ్చింది క్యారల్ డ్వెక్ అనే అమెరికా సైకాలజిస్ట్. 1998ల ఆమె, క్లాడియా ముల్లర్ కలిసి ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగాలు అచ్చయినయ్, పిల్లలకు బొమ్మల పజిల్స్ ఇచ్చిండ్రు, అయినంక కొంతమందికి “నువ్వు మస్తు తెలివైనోనివి” అన్నరు, కొంతమందికి “నువ్వు బాగ కష్టపడి చేసినట్టున్నవ్” అన్నరు, తేడా అంతే, ఒక్క మాట. ఆ తర్వాత ఏ తీరు పజిల్స్ కావాలో మీరే ఎంచుకోండి అంటె కష్టపడ్డవ్ అని మెచ్చుకున్న పిల్లల్ల పదిమందికి తొమ్మిదిమంది కొత్తగ నేర్చుకునేటియి అడిగిండ్రు, తెలివి అని మెచ్చుకున్నోళ్ళల్ల ఎక్కువమంది తమకు వచ్చేటియే, మంచి మార్కులు పడేటియే అడిగిండ్రు. ఆఖరికి కష్టమైనవి ఇచ్చి ఫెయిల్ అయినంక మళ్ళీ మొదటి లెవెల్ పజిల్స్ ఇస్తె, తెలివి అన్న గుంపు మొదటిసారి కన్న తక్కువ చేసింది, కష్టం అన్న గుంపు ఎక్కువ చేసింది. ఇంకో ముచ్చట నన్ను మస్తు కదిలిచ్చింది, మీ స్కోరు వేరే స్కూల్ పిల్లలకు రాసి పంపుండ్రి అంటె తెలివైనోళ్ళు అనిపించుకున్న పిల్లల్ల పదికి దగ్గర దగ్గర నలుగురు ఉన్నదానికన్న ఎక్కువ రాసుకున్నరు. పదేండ్ల పిల్లలు, ఒక్క మెచ్చుకోలు మాటకు అబద్ధం దాక పోయిండ్రు.

మన గ్రౌండ్లల్ల ఏమంటం మనం? “వీడు నేచురల్ రా”, “దీనికి పుట్టుకతోనే వచ్చింది స్పీడు”, సెలక్షన్ల కాడైతె “పువ్వు పుట్టగానే పరిమళిస్తది” అనే సామెత ఒక్కరన్న అనకుంట ఉండరు. ప్రేమతోనే అంటం, అండ్ల అనుమానం లేదు, గని అది విన్న పిల్లోడికి ఒకటే అర్థమైతది, నాకు వచ్చిందంటె పుట్టుకతోని వచ్చింది, రాలేదంటె పుట్టుకతోనే లేదు. పక్కన నిలబడి విన్న మిగతా ఇరవై మందికి కూడ అదే అర్థమైతది, ఆ ఇరవై మంది గురించి మనకు సోయి ఉండదు.

మాట మార్చుడు అంటె పొగుడుడు మానేసుడు కాదు, చూసింది చూసినట్టు చెప్పుడు. “సూపర్ రా” అనే బదులు “ఇప్పుడు బోనస్ లైన్ కాడ నీ వెనక కాలు లేచి ఉన్నది చూడు, అందుకే పాయింట్ వచ్చింది” అనాలె. “నీతోని కాదు” అనే బదులు “కూత మంచిగనే ఉన్నది, గని ఇరవై సెకన్లకే ఆయాసం వస్తుంది, ముప్పై దాక ఆపే ప్రాక్టీస్ చేద్దాం” అనాలె. “బాగ కష్టపడ్డవ్ బిడ్డా” అని ఊరికె అనుడు కూడ సరిపోదు, తప్పు టెక్నిక్‌తోని నూరుసార్లు దుంకిన పిల్లకు కష్టపడ్డవ్ అని చెప్తె మోసం చేసినట్టే, డ్వెక్ కూడ 2015ల ఈ సంగతి గట్టిగ రాసింది, కష్టాన్ని మాత్రమే మెచ్చుకుని నేర్చుకున్నదా లేదా చూడకపోతె అది అసలు ఉద్దేశమే కాదని. కష్టం, పద్ధతి, అడుగుడు, ఈ మూడింటిని కలిపి మెచ్చుకోవాలె. ఒక పిల్ల వచ్చి “సార్, నా చెయ్యి ఎందుకు జారుతుంది” అని అడిగిందనుకోండి, ఆ రోజు అందరి ముందు మెచ్చుకోవాల్సింది ఆ ప్రశ్ననే.

ఆ కార్నర్ పిల్ల సంగతి చెప్త. ఆమెను పక్కకు పెట్టలే, అట్లని “వస్తది” అని కూడ అనలే. “నువ్వు ఎటు చూస్తున్నవ్ బిడ్డా” అని అడిగిన. “ఆమె మొఖం దిక్కు సార్” అన్నది. రెయిడర్ మొఖంతోని, చేతులతోని మోసం చేస్తది, కాళ్ళతోని చేసుడు కష్టం, కాబట్టి మోకాళ్ళ కింద చూడుమన్న. వంగేటప్పుడు నడుము కాదు మోకాళ్ళు వంచాలె, తలకాయ రెయిడర్ కాలుకు అడ్డం పెట్టకుంట పక్కకు పెట్టాలె (ఇది ఎట్టి పరిస్థితుల్ల మరవద్దు, మొఖానికి మోకాలు తగులుతది), రెండు చేతులు ఒకేసారి పోవాలె. ఇవన్నీ ఒక్కరోజు చెప్పలే, మొదటిరోజు చూపు ఒక్కటే. రెయిడర్‌ను నడిచినట్టు మెల్లగ రమ్మన్న, పట్టుకునుడు లేదు, కాలు ఎప్పుడు లేస్తుందో అప్పుడు “ఇప్పుడు” అని అరువుమన్న. ఇరవైసార్లు అరిచింది, ఆఖరికొచ్చేసరికి కండ్లు మూసుకునుడు బందైంది.

నేను చేసిన తప్పు ఒకటి

ఏడెనిమిదేండ్ల కింద నా దగ్గరికి పన్నెండేండ్ల పిల్లోడు వచ్చిండు, క్లాస్‌ల అందరికన్న జానెడు ఎత్తు, చెయ్యి సాపితె సగం కోర్టు అందుతున్నట్టు ఉండేది. “నువ్వు పుట్టుకతోనే రెయిడర్‌వి” అని ఎన్నిసార్లు అన్ననో లెక్కలేదు. రెండేండ్లు అండర్-14ల ఆడినన్ని రోజులు వాడే హీరో, ఫుట్‌వర్క్ నేర్పుదామంటె “ఎందుకు సార్, టచ్ వస్తుంది కద” అనేటోడు, నేను కూడ ఊకున్న. పదో తరగతికి వచ్చేసరికి మిగతా పోరలందరు వాని ఎత్తుకొచ్చిండ్రు, కొందరు దాటిపోయిండ్రు, రెయిడ్‌కు పోతె దొరుకుడు మొదలైంది. జోనల్స్‌ల రెండు మ్యాచ్‌లు అట్లనే అయినయ్, మూడో మ్యాచ్‌కు వాడు రాలే, ఆ తర్వాత గ్రౌండ్‌కే రాలే. వాళ్ళ ఇంటికి పోయి అడిగితె “నాల అది పోయింది సార్” అన్నడు. “అది” అంటె నేనిచ్చిందే, పుట్టుకతోని వచ్చిందని చెప్పిన కద, వచ్చింది పోయిందనుకున్నడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్ల ఉన్నది.

అప్పుడు నాకు తెలువని సంగతి ఏందంటె, ఆడపిల్లలు జెరజెర పెరిగే కాలం సగటున పన్నెండేండ్ల చుట్టూ ఉంటది, మగపిల్లలకు పద్నాలుగేండ్ల చుట్టూ, అందుల కూడ ఒక్కొక్కళ్ళకు రెండేండ్లు ముందో ఎనుకో అయితది. అంటె ఏడో తరగతిల మనం టాలెంట్ అనుకునేది చానాసార్లు ముందు పెరిగిన ఒడ్డు పొడుగు మాత్రమే. కటాఫ్ తారీఖు కూడ అంతే, ఒకే ఏజ్ గ్రూప్‌ల జనవరిల పుట్టినోడికి, డిసెంబర్‌ల పుట్టినోడికి దగ్గర దగ్గర ఏడాది తేడా, కెనడా ఐస్ హాకీల ఏడాది మొదట్ల పుట్టినోళ్ళే ఎక్కువమంది సెలెక్ట్ అయితున్నరని 1985లనే చూపిచ్చిండ్రు. మన ఊర్లల్ల ఇంకో చిక్కు ఉన్నది, బడిల చేర్పిచ్చినప్పుడు సార్లు రాసుకున్న జూన్ తారీఖే చానామందికి పుట్టినరోజు, కాబట్టి సర్టిఫికెట్ చూసి ఏం తెలువదు. నేను ఇప్పుడు ఏం చేస్తనంటె మూడు నెలలకోసారి గోడకు నిలబెట్టి ఎత్తు రాసుకుంట, ఎవరు ఇప్పుడే పెరుగుతున్నరు, ఎవరింకా మొదలే కాలే అన్నది తెలుస్తది, చిన్నగున్న పిల్లల్ని సెలక్షన్ల రాలేదని ఇంటికి పంపుడు బంద్ చేసిన. ముందు పెరిగిన పిల్లలతోని వారంల ఒకరోజు వాళ్ళకన్న పెద్దోళ్ళ మీద ఆడిపిస్త, అక్కడ ఎత్తు పనిచేయదు, కాళ్ళు పనిచేయాలె.

ఇరవై రూపాయల నోట్‌బుక్

పిల్లలు మాట నమ్మరు, సొంత లెక్క నమ్ముతరు. ప్రతి పిల్లకు ఒక నోట్‌బుక్ పెట్టిపియ్యుండ్రి, పక్కోని లెక్క అండ్ల ఉండొద్దు. ఏం కొలవాలె అంటె హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ సెలక్షన్లల్ల పెట్టే టెస్టులే తీసుకోండి, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్ (ఎనుకకెల్లి ఉరికొచ్చి గీత దాటినకాన్నుంచి టైము చూసుడు), స్టాండింగ్ బ్రాడ్ జంప్ (నిలబడ్డకాన్నుంచే ముందుకు దుంకుడు), 6×10 షటిల్ రన్ (పది మీటర్ల దూరం అటు ఇటు ఆరుసార్లు ఉరుకుడు), 800 మీటర్లు, టేపు, చాక్‌పీసు, ఫోన్‌ల స్టాప్‌వాచ్ ఉంటె చాలు. మూడు వారాలకోసారి, అదే టైముకు, అదే జాగల, చెప్పులు లేకుంట ఉరికితె ఎప్పుడూ లేకుంటనే, ఎండ తేడా, బూట్ల తేడా లెక్కలకు రావద్దు. మే నెలల అయితె ఆరు గంటలకే ముగిచ్చుకోవాలె, ఎనిమిదింటికి 800 ఉరికిస్తె వచ్చే నంబర్ పిల్లది కాదు ఎండది.

అన్నిటికన్న ముఖ్యం నంబర్ పక్కన ఒక గీత గీసి “ఈసారి ఏం మార్చిన” అని పిల్లతోనే రాపియ్యాలె. ఒక పిల్ల బ్రాడ్ జంప్ 1.42 మీటర్ల కాడ రెండు నెలలు ఆగిపోయింది, ఏడ్చింది కూడ, దుంకేటప్పుడు చేతులు కిందనే ఏలాడుతున్నయ్, చేతులు ఎనుకకు గుంజి ముందుకు ఇసిరి దుంకమంటె 1.51 పడ్డది. ఆమె నోట్‌బుక్‌ల “చేతులు ఇసిరిన” అని రెండే మాటలు ఉన్నయ్, ఆ రెండు మాటలు నేను గంటసేపు చెప్పే ఇన్‌స్పిరేషన్ కన్న బలమైనయ్, ఎందుకంటె కాళ్ళు అవ్వే, చేసే తీరు మారితె దూరం మారిందని ఆమె సొంత కండ్లతోని చూసింది. ర్యాంకులు రాసి గోడకు అతికియ్యకుండ్రి. పత్తి ఏరుడు రోజుల్ల సెలవుదినం వస్తె చాలు సగంమంది చేన్లకు పోతరు, పాలమూరు దిక్కయితె తల్లిదండ్రులు ముంబయికో పుణెకో వలసపోయి అమ్మమ్మ కాడనో హాస్టల్‌లనో ఉండే పిల్లలు ఉంటరు, రెండు వారాలు రాని పిల్ల తిరిగొచ్చి గోడ మీద ఆఖరి పేరు తనదే చూస్తె మళ్ళీ రాదు. నోట్‌బుక్ అయితె ఆగినకాన్నుంచి మొదలు పెట్టుకుంటది.

ప్రాక్టీస్‌ల తప్పులకు జాగ ఉంచుడు

పదిసార్లు చేస్తె ఆరో ఏడో సార్లు కుదిరేటట్టు కష్టం పెట్టుండ్రి, ఇది నా అనుభవం లెక్క. పదికి పది కుదిరితె పిల్ల నేర్చుకుంట లేదు, రెండే కుదిరితె మనసు ఇరుగుతది. ఖో-ఖోల పోల్ డైవ్ (పోల్ కాడ ముందుకు దుంకి ఆటగాణ్ణి తాకుడు) రాని పిల్లను నేరుగ పోల్ మీదికి పంపకుంట ఇసుకల మోకాళ్ళ మీది నుంచి ముందుకు పడుడు, తర్వాత రెండడుగులేసి పడుడు, తర్వాత పోల్.

ఇంకొకటి, ఒకటే స్కిల్ ముప్పైసార్లు వరుసగ చేపిచ్చుడు కన్న కలిపి చేపిచ్చుడు మంచిది. 1979ల షే, మోర్గాన్ అనే ఇద్దరు చేసిన ప్రయోగం ఉన్నది, చిన్న చిన్న అడ్డాలను చేత్తోని ఒక వరుసల పడగొట్టే పని, ఒక గుంపు ఒక్కో తీరును వరుసబెట్టి చేసింది, ఇంకో గుంపు కలగాపులగంగ చేసింది, నేర్చుకునే రోజు కలిపి చేసినోళ్ళే ఎనుకబడ్డరు, పది రోజులకు మళ్ళీ చూస్తె వాళ్ళకే మంచిగ గుర్తున్నది. కాబట్టి రెయిడ్‌ల హ్యాండ్ టచ్, టో టచ్, బోనస్, మూడు కలిపి పెట్టుండ్రి, ఏది చేయాలెనో రెయిడర్ గీత దాటే ముందు చెప్పుండ్రి. తప్పులు ఎక్కువైతయ్, పిల్లలు చిరాకు పడుతరు, అందుకే ముందుగాలనే చెప్పాలె, “ఇయ్యాల గడబిడగ ఉంటది, వచ్చే వారం దీని పని కనబడతది” అని. ముందు చెప్పకపోతె మాత్రం ఆ గడబిడ చూసి “రాదు సార్” దగ్గరికే మళ్ళీ వస్తరు.

ఓడిన రోజు, లైన్ బయట నిలబడ్డ నాయినలు

ఓడినంక పది నిమిషాలు ఏం మాట్లాడొద్దు, నీళ్ళు ఇయ్యాలె, అంతే. “ఎందుకు ఓడినం” అని అప్పుడే అడిగితె పిల్లలు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటరు. తెల్లారి ప్రాక్టీస్‌ల రెండే అడుగుండ్రి, నిన్న ఏది పనిచేసింది, నిన్నటి మ్యాచ్ మనకు ఏ పని చూపిచ్చింది. రెండోదానికి వచ్చిన జవాబే ఆ రోజు ప్రాక్టీస్. తిట్టుడు మాత్రం కాదు, మ్యాచ్ ఓడినందుకు దండనగ గ్రౌండ్ చుట్టూ ఉరికిచ్చుడు కూడ కాదు, ఉరుకుడు శిక్ష అయితె ఉరుకుడు మీద ప్రేమ యాడికెల్లి వస్తది.

నాయినలు, అన్నలు లైన్ బయట నుంచి “ఏంరా గట్ల పట్టుకుంటవ్” అని అరుస్తరు. వద్దంటె ఊకోరు, పని ఇయ్యాలె. “అన్నా, మీ పోరడు ఎన్నిసార్లు చీలమండ దాక చెయ్యి పంపిండో లెక్కపెట్టు, దొరికిందా లేదా నీకు అక్కర లేదు” అని ఒక కాగితం ఇచ్చిన ఒకాయనకు, పదకొండని రాసుకొచ్చిండు, ఇంటికి పోయేటప్పుడు కొడుకుతోని ఆ పదకొండు గురించే మాట్లాడుకుంట పోయిండు.

ఆడపిల్లలకు ఆటలెందుకు సారూ అనేటోళ్ళకు నేను భువనగిరి గుట్ట చూపిస్త. 2014 మే 25న పదమూడేండ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది, నిజామాబాద్ దిక్కు గిరిజన పిల్ల, సోషల్ వెల్ఫేర్ గురుకులంల చదువుకున్నది, మొదటి పాఠాలు నేర్చుకున్నది అప్పటి మన నల్లగొండ జిల్లల ఉన్న భువనగిరి బండ మీదనే. బండ తర్వాత డార్జిలింగ్, తర్వాత లడఖ్ చలి, తర్వాతనే ఎవరెస్ట్. ధైర్యం ఒక్కసారి రాలే, మెట్టు మెట్టుకు వచ్చింది. పెద్ద పిల్లలకైతె బాక్సర్ నిఖత్ జరీన్ తారీఖులు బోర్డు మీద రాస్త, 2011ల టర్కీల జూనియర్ వరల్డ్ చాంపియన్, 2022ల మళ్ళీ టర్కీలనే సీనియర్ వరల్డ్ చాంపియన్, మధ్యల ఏమున్నది అని అడుగుత. 11 ఏండ్లున్నయ్, 2017ల భుజం దెబ్బ ఉన్నది. పేపర్ల ఫొటో పడేది రెండు రోజులే, మనం పిల్లలకు చెప్పాల్సింది ఆ నడిమి కాలం గురించి.

మైండ్‌సెట్‌తోని కానివి

పొద్దుగాల ఏం తినకుంట వచ్చి కండ్లు తిరిగి పడ్డ పిల్లకు మైండ్‌సెట్ అక్కర లేదు, పల్లిపట్టి, అరటిపండు, ఉడికిన గుడ్డు కావాలె. పెరిగే వయసుల మడమ నొప్పి, మోకాలి కింద నొప్పి మస్తుమందికి వస్తయ్, “ఓర్చుకో, చాంపియన్లు ఓర్చుకుంటరు” అనుడు పెద్ద తప్పు, ఎముక ఇంకా గట్టిపడని జాగ అది, ఉరుకుడు తగ్గిచ్చి డాక్టర్‌కు చూపియ్యాలె. ఈ గ్రోత్ మైండ్‌సెట్ మీద గూడ ఉన్నదున్నట్టు చెప్పాలె, 2018ల చానా స్టడీలను కలిపి చూస్తె చదువుల మీద దీని ప్రభావం సగటున చిన్నదే అని తేలింది. 2019ల అమెరికాల దగ్గర దగ్గర 12,000 మంది తొమ్మిదో తరగతి పిల్లలతోని చేసిన పెద్ద ప్రయోగంల తక్కువ మార్కులొచ్చే పిల్లలకు కొంత లాభమైంది, అది గూడ తోటి పిల్లలు కష్టమైన పని ఎంచుకునే అలవాటున్న స్కూళ్ళల్లనే బాగ కనబడ్డది. అందుకే నేను పోస్టర్లు అతికిచ్చుడు, స్పీచ్‌లు ఇచ్చుడు నమ్మ, చుట్టూ ఉన్న గ్రౌండ్ అట్ల ఉన్నదా లేదా అన్నదే చూస్త. ఒక పిల్ల కిందపడ్డప్పుడు మిగతా పిల్లలు నవ్వుతున్నరా, లేక “కాలు ముందు పెట్టు” అని చెప్తున్నరా, ఒక్క పది నిమిషాలు మూలకు నిలబడి వినుండ్రి, మీ గ్రౌండ్ సంగతి మీకే తెలుస్తది.

మొదలు పెట్టేటోళ్ళు అన్నీ ఒకేసారి ఎత్తుకోకుండ్రి. మొదటి వారం మీ నోటి మాట ఒక్కటే మార్చుండ్రి, ఫోన్ జేబుల పెట్టుకుని అర్ధగంట మీ గొంతు రికార్డ్ చేసుకుని రాత్రి వినుండ్రి, “నేచురల్”, “నీతోని కాదు” ఎన్నిసార్లు వస్తయో లెక్కపెట్టుండ్రి, నాకు మొదటిసారి అర్ధగంటల పద్నాలుగు దొరికినయ్. రెండో వారం నోట్‌బుక్, అండ్ల మొదటి లెక్క స్టాండింగ్ బ్రాడ్ జంప్, దానికి టేపు, దుంకే గుంత తప్ప ఏం అక్కర లేదు, చిన్నోళ్ళకు పెద్దోళ్ళకు అందరికి అయితది. కొలిచేది పొద్దుగాల కాబట్టి ముందురోజు మాపటికే దుంకే గుంతల ఇసుక పారతోని తిరగేసి రాళ్ళు ఏరి పెట్టుకోండి, మంచు పడ్డదంటె తెల్లారేసరికి పైన గట్టిగ అయితది, దుంకే ముందు ఇంకోసారి కలియబెట్టాలె.